ఏడాదికి 10⁻⁶ (పది లక్షల్లో ఒకటి) అన్న అంకెను ఎలా చదవాలి? ప్రమాదకర ప్లాంట్ల రిస్క్ లెక్కలో సంభావ్యతకు ఏ అర్థం ఎంచుకోవాలి?

చెన్నై దగ్గరి ఎన్నూరులో ఒక అమ్మోనియా నిల్వ ట్యాంకు ఉంది, దానికి ఇద్దరు కన్సల్టెంట్లు విడివిడిగా రిస్క్ అసెస్‌మెంటు చేశారు అనుకుందాం. ట్యాంకు ఒక్కసారిగా పగిలే అవకాశం ఏడాదికి 5×10⁻⁶ అని ఒకరు, 10⁻⁴ అని ఇంకొకరు రాశారు. ఇరవై రెట్ల తేడా. ఫైలు మీద సంతకం పెట్టాల్సిన మేనేజరు ముందు అడిగేది "లెక్క ఎవరు తప్పారు?" అనే. చాలాసార్లు ఎవరూ తప్పి ఉండరు. ఒకరు హ్యాండ్‌బుక్కులో ఉన్న అంకె ఎత్తి రాశారు, రెండోవారు ట్యాంకు వయసు, తనిఖీ రికార్డులు చూసి తమ అంచనా రాశారు. రెండూ ఒకే పేరుతో, ఒకే కాలమ్‌లో పక్కపక్కన కూర్చున్నాయి.

ఇలాంటి తేడా నిజంగానే వస్తుంది. 1998-2001 మధ్య యూరప్‌లో అష్యూరెన్స్ అనే ప్రాజెక్టు కింద ఒకే అమ్మోనియా ప్లాంటును ఏడు బృందాలకు అప్పగించారు. ప్లాంటు అదే, వివరాలు అవే. అయినా కొన్ని ప్రమాదాల ఫ్రీక్వెన్సీ అంచనాలు వందల, వేల రెట్లు తేడాతో వచ్చాయి. ఏడు బృందాల్లోనూ అనుభవజ్ఞులే ఉన్నారు.

గిండీ ఆఫీసుల్లో కూర్చుని క్యూఆర్ఏలు (అంకెలతో చేసే రిస్క్ అసెస్‌మెంట్లు) చేసే ఇంజనీర్లు, మణలి, ఎన్నూరు ప్లాంట్లలో వాటిని అందుకునే సేఫ్టీ ఆఫీసర్లు, ఆ ప్లాంట్ల గోడ పక్కనే బతుకుతూ రిపోర్టులో ఏముందో తెలుసుకోవాలనుకునేవాళ్లు, ముగ్గురికీ పనికొచ్చేలా ఈ పోలిక రాశాం.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఈ అంకెతో ఏ నిర్ణయం తీసుకోబోతున్నారన్నది అన్నిటికంటే ముందు తేలాలి. లెవెల్ స్విచ్‌ను ఆరు నెలలకోసారి పరీక్షించాలా, ఏడాదికోసారి చాలా అన్నది ఒక నిర్ణయం. ట్యాంకుకు 400 మీటర్ల దూరంలో ఇళ్లకు అనుమతి ఇవ్వొచ్చా అన్నది పూర్తిగా వేరే నిర్ణయం. మొదటిదానికి మీ ప్లాంటు రికార్డులే సాక్ష్యం. రెండోదానికి సాక్ష్యంగా చూపగలిగే సంఘటన మీ ప్లాంటులో ఒక్కటి కూడా జరిగి ఉండదు, జరగకూడదు కూడా.

రెండోది డేటా. ఎన్ని పరికరాలు, ఎన్నేళ్లు, ఎన్ని వైఫల్యాలు? మూడోది ఆ డేటా ఏ గుంపుకి చెందిందన్నది. దీన్ని చాలామంది దాటేస్తారు, అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది. ఎన్నూరు ప్లాంటుకు గాలి వివరాలు మీనంబాక్కం (చెన్నై విమానాశ్రయం ఉన్న చోటు) వాతావరణ స్టేషన్ నుంచి తెచ్చి వాడారనుకోండి. దశాబ్దాల రికార్డు కాబట్టి ఫ్రీక్వెన్సీగా దానికి వంక పెట్టలేం. కానీ మీనంబాక్కం తీరానికి దూరంగా లోపల ఉంది, ఎన్నూరు సముద్రాన్ని ఆనుకుని ఉంది. మధ్యాహ్నం సముద్రపు గాలి ముందు తీరాన్ని తాకి, తర్వాతే లోపలికి వస్తుంది. ఏ గంటకు గాలి ఇళ్లవైపు తిరుగుతుందో చెప్పాల్సిన చోట లోపలి స్టేషన్ లెక్క తప్పుదారి పట్టిస్తుంది.

చివరిగా, ఈ అంకెను ఏ హద్దుతో పోల్చబోతున్నారో చూడండి. మన దగ్గర 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు సేఫ్టీ రిపోర్టు, అత్యవసర ప్రణాళికలు అడుగుతాయి. ఐఎస్ 15656:2006 అనే భారత ప్రమాణం విశ్లేషణ ఎలా చేయాలో చెబుతుంది. అంకెల హద్దుల దగ్గరికి వచ్చేసరికి మన కన్సల్టెంట్లు ఎక్కువగా బ్రిటన్ పారిశ్రామిక భద్రతా సంస్థ హెచ్ఎస్ఈ కొలమానాన్ని అరువు తెచ్చుకుంటారు: కార్మికుడికి ఏడాదికి 10⁻³, బయటి మనిషికి 10⁻⁴ దాటితే సహించరానిది, 10⁻⁶ కంటే తక్కువైతే దాదాపుగా ఆమోదించదగినది. హద్దును ఒక దేశం నుంచి, ఫ్రీక్వెన్సీని ఇంకో దేశం హ్యాండ్‌బుక్కు నుంచి, గాలిని మీనంబాక్కం నుంచి తెచ్చినప్పుడు చివర్లో వచ్చే అంకె ఏం చెబుతోందో ఎవరో ఒకరు బాధ్యతగా రాసి తీరాలి.

## మార్గం 1: లెక్కపెట్టిన ఫ్రీక్వెన్సీ

ఒకే రకం పరికరాలు చాలా ఉండి, అవి చాలాకాలం నడిచి, వైఫల్యాలు అప్పుడప్పుడూ జరుగుతుంటే, ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టి మొత్తం పరికర-సంవత్సరాలతో భాగిస్తే సరిపోతుంది. పంపు సీళ్లు, గ్యాస్ డిటెక్టర్లు, రిలీఫ్ వాల్వులు, లెవెల్ స్విచ్‌లకు ఇది పనిచేస్తుంది. లెక్క ఎవరు చేసినా ఒకటే జవాబు, వాదించడానికి తావుండదు.

అరుదైన ప్రమాదాల దగ్గర ఈ పద్ధతి చతికిలబడుతుంది. నాలుగు ట్యాంకులు, ముప్పై ఏళ్లు, అంటే 120 ట్యాంకు-సంవత్సరాలు. ఒక్కటీ పగల్లేదు. అలాగని ఫ్రీక్వెన్సీ సున్నా అని రాయకూడదు. వైఫల్యాలు సున్నా అయినప్పుడు 95 శాతం నమ్మకంతో చెప్పగల పైహద్దు, 3ని మొత్తం సంవత్సరాలతో భాగిస్తే వస్తుంది: 3/120, ఏడాదికి 0.025. హ్యాండ్‌బుక్కు చెప్పే 5×10⁻⁶కు ఇది 5000 రెట్లు. "ముప్పై ఏళ్లుగా ఏమీ కాలేదు" అన్న మాట నుంచి గణితపరంగా రాబట్టగలిగేది ఇంతే. మీటింగుల్లో ఆ మాటకు ఇచ్చే బరువులో నూరోవంతు కూడా దానికి లేదు.

## మార్గం 2: హ్యాండ్‌బుక్ అంకె

నెదర్లాండ్స్ వాళ్ల రిస్క్ లెక్కల హ్యాండ్‌బుక్కు పర్పుల్ బుక్‌లో ఒకే గోడ ఉన్న వాతావరణ పీడన ట్యాంకు మొత్తంగా ఒక్కసారి ఖాళీ అవడానికి ఏడాదికి 5×10⁻⁶, ప్రెజర్ వెసల్‌కి 5×10⁻⁷, 75 మిల్లీమీటర్ల లోపు పైపు పూర్తిగా తెగడానికి మీటరుకు ఏడాదికి 10⁻⁶ అని ఉంటుంది. వీటి వెనుక పాత అధ్యయనాలు, నిపుణుల తీర్పు కలిసి ఉన్నాయి. ఇన్ని లక్షల ట్యాంకు-సంవత్సరాలు ఎవరో కూర్చుని లెక్కపెట్టి తీసిన అంకెలు అనుకోవద్దు.

అయినా వీటికి విలువ ఉంది. డచ్ పద్ధతిలో ఫ్రీక్వెన్సీ, మోడల్, హద్దు మూడూ ఒకే ప్యాకేజీ. ఇళ్ల దగ్గర 10⁻⁶ హద్దు దాటకూడదన్నప్పుడు, ఆ 10⁻⁶ అదే పుస్తకం, అదే మోడల్ వాడితే వచ్చే 10⁻⁶. అంటే అందరూ ఒప్పుకున్న కొలబద్ద. రెండు ప్లాంట్లను పోల్చడానికి, స్థలం ఎంపికకు అది బాగా పనికొస్తుంది. మీ ట్యాంకు నిజంగా ఎంత ప్రమాదకరమో మాత్రం అది చెప్పదు. మీ ట్యాంకు అడుగుప్లేటు తుప్పు పట్టినా పట్టకపోయినా దాని దగ్గర అదే అంకె ఉంటుంది.

ఎన్నూరు అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2023 డిసెంబరు 26 రాత్రి సముద్రం అడుగున వేసిన అమ్మోనియా పైపులైను నుంచి గ్యాస్ లీకై పెరియకుప్పం, చిన్నకుప్పం జనం ఆసుపత్రుల పాలయ్యారు. ఆ నెల మొదట్లో వచ్చిన మిచౌంగ్ తుఫాను అలలకు పైపు చుట్టూ ఉన్న బండరాళ్లు కదిలి పైపును దెబ్బతీసి ఉండవచ్చని విచారణ జరిపిన సాంకేతిక కమిటీ అభిప్రాయపడింది. ఇంకెక్కడో నేల మీది పైపుల అనుభవంతో కూర్చిన తెగుదల రేటులో ఇలాంటి కారణానికి చోటుంటుందని ఆశించలేం.

## మార్గం 3: తెలిసినదాన్ని బట్టి నమ్మకం, కొత్త డేటాతో సవరణ

బేయీషియన్ దృష్టిలో సంభావ్యత అంటే అందుబాటులో ఉన్న సమాచారం మీద ఆధారపడి ఒక ఇంజనీరు ఎంత నమ్ముతున్నాడన్న కొలత. సమాచారం మారితే అంకె మారుతుంది. "ఇది మీ సొంత అభిప్రాయం కదా" అని తప్పుబడతారు. నిజమే, కానీ ఆ అభిప్రాయం బయట పెట్టి ఉంటుంది, దాన్ని ఎవరైనా ప్రశ్నించవచ్చు. హ్యాండ్‌బుక్కులోనూ అభిప్రాయమే ఉంది, కాకపోతే కనిపించకుండా ఉంది.

ఇది ఎక్కడ పనికొస్తుందో ఒక లెవెల్ స్విచ్‌తో చూద్దాం. ట్యాంకు పొంగిపోకుండా ఫీడ్‌ను ఆపే స్విచ్ అది. 2005 డిసెంబరులో బ్రిటన్‌లోని బన్స్‌ఫీల్డ్‌లో పెట్రోలు ట్యాంకు పొంగి పేలుడు జరిగినప్పుడు, గేజ్ ఇరుక్కుపోయింది, దానికి రక్షణగా పెట్టిన హై లెవెల్ స్విచ్ పనిచేయలేదు. పరీక్ష లివరును సరైన స్థానంలో నిలపడానికి ఉండాల్సిన తాళం దానికి లేదు. అందుకే ఈ స్విచ్‌ల రికార్డులను తేలిగ్గా తీసుకోకూడదు.

తయారీదారు చెప్పిన ప్రమాదకర వైఫల్యాల రేటు ఏడాదికి 0.01. ఏడాదికోసారి ప్రూఫ్ టెస్ట్ (స్విచ్ నిజంగా పనిచేస్తోందో చూసే పరీక్ష) చేస్తే, అవసరమైనప్పుడు పనిచేయకపోయే సగటు అవకాశం ఆ రేటులో సగం, 0.005. అది 0.01 కంటే తక్కువ కాబట్టి సిల్ 2 (రక్షణ పరికరం ఎంత నమ్మదగిందో చెప్పే మెట్టు; అంకె పెరిగితే నమ్మకం పెరుగుతుంది) పరిధిలో ఉంది. ఇప్పుడు ప్లాంటు రికార్డు తీయండి: 12 స్విచ్‌లు, 5 ఏళ్లు, 60 పరికర-సంవత్సరాలు. ప్రూఫ్ టెస్టుల్లో 4 స్విచ్‌లు చచ్చి కనిపించాయి.

మొదటి మార్గం ప్రకారం రేటు 4/60, అంటే 0.067. దాని 90 శాతం పరిధి సుమారు 0.023 నుంచి 0.15. తయారీదారు చెప్పిన 0.01 ఆ పరిధికి బయటే ఉండిపోయింది.

బేయీషియన్ పద్ధతిలో తయారీదారు అంకెను, గామా పంపిణీ (రేటు మీద అనిశ్చితిని చూపే గణిత రూపం) సాయంతో, "100 సంవత్సరాల్లో 1 వైఫల్యం" అన్నంత బరువుతో తీసుకుంటే, దానికి 60 సంవత్సరాల్లో 4 వైఫల్యాలు కలిపితే 160లో 5, అంటే 0.031. 90 శాతం పరిధి 0.012 నుంచి 0.057. పనిచేయకపోయే అవకాశం 0.016 అయింది, స్విచ్ సిల్ 2 నుంచి సిల్ 1కి దిగింది. పరీక్ష ఆరు నెలలకోసారి చేస్తే అది 0.008కి వచ్చి మళ్లీ సిల్ 2లో కనిపిస్తుంది, కానీ పరిధి పైకొసలో చూస్తే 0.014. కాబట్టి పరీక్ష వ్యవధి తగ్గించడంతో ఊరుకోకుండా స్విచ్ ఎందుకు చస్తోందో వెతకాలి: మురికి పేరుకుందా, ఫ్లోట్ ఇరుక్కుందా, వైరింగు తడుస్తోందా.

ఇంకో పరీక్ష కూడా తప్పక చేయండి. మొదట అనుకున్న 0.01ను అదే బరువుతో నమ్మితే 60 సంవత్సరాల్లో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ వైఫల్యాలు రావడానికి ఉన్న అవకాశం కేవలం 2 శాతం. అలాంటప్పుడు మొదటి అంకెకు, కొత్త డేటాకు నడుమ సగటు తీసి సరిపెట్టకండి. తయారీదారు అంకె మీ వాతావరణానికి, మీ ద్రవానికి వర్తించదని గుర్తించి పక్కన పెట్టండి.

అదే బేయీషియన్ పద్ధతిని ట్యాంకు పగలడానికి వాడితే? 5×10⁻⁶ సగటుతో లక్ష సంవత్సరాల బరువున్న ముందస్తు అంచనాకు మీ 120 సంవత్సరాలు కలిపితే జవాబు కదిలేది వెయ్యిలో ఒక వంతు. "ప్లాంటు డేటాతో సవరించాం" అని రిపోర్టులో రాయడం అక్కడ గౌరవంగా వినిపిస్తుంది, పని మాత్రం ఏమీ జరగలేదు.

## మార్గం 4: ఫ్రీక్వెన్సీ ఒకటి ఉంది, అదెంతో తెలియదు

1981లో కప్లాన్, గారిక్ ప్రచారంలోకి తెచ్చిన ఈ దారి మార్గం 1, మార్గం 3 రెంటినీ కలుపుతుంది. ఫ్రీక్వెన్సీ అనేది బయటి ప్రపంచపు లక్షణం, దాని విలువ మీద మన అనిశ్చితి వేరే పంపిణీ. అణు విద్యుత్ రంగంలో ఇది మామూలే, రసాయన ప్లాంట్లలో తక్కువ.

దీని ప్రయోజనం రెండు ఉచ్చుల్ని బయటపెట్టడంలో ఉంది. మొదటిది మధ్యస్థ విలువకు, సగటుకు ఉన్న తేడా. లాగ్‌నార్మల్ (పెద్ద విలువల వైపు పొడవుగా సాగే) పంపిణీలో ఎర్రర్ ఫ్యాక్టర్ (95 శాతం పైహద్దు మధ్యస్థానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 10 అయితే సగటు మధ్యస్థానికి 2.7 రెట్లు, 30 అయితే 8.5 రెట్లు. హద్దుతో పోల్చేటప్పుడు రిపోర్టు వీటిలో ఏది వాడిందో చెప్పకపోతే, హద్దు దాటిందో లేదో మనకు తెలియనట్టే.

రెండోది ఒకే రకం పరికరాల్ని గుణించడం. ఒకే మోడల్ స్విచ్‌లు రెండు, ఒక్కోటి విఫలమయ్యే సగటు అవకాశం 0.01. రెండూ కలిసి విఫలం కావడం 10⁻⁴ అని రాసేస్తారు. కానీ రెంటి రేటూ ఒకే తెలియని అంకె. ఒకటి చెడ్డదైతే రెండోది కూడా చెడ్డదే. ఎర్రర్ ఫ్యాక్టర్ 10 ఉన్నప్పుడు అసలు సగటు ఏడు రెట్లు ఎక్కువ, 7×10⁻⁴. రెంటినీ ఒకే టెక్నీషియన్ ఒకే తప్పుతో క్యాలిబ్రేట్ చేయడం, ఒకే వరద నీటిలో మునిగిపోవడం ఇంకా దీనిమీద అదనం. 2015 డిసెంబరు వరదల్ని చూసిన చెన్నైలో డీజిల్ జనరేటరును, ఫైర్ పంపును ఒకే మట్టంలో పెట్టి, వాటి వైఫల్యాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివని రాయడం క్షమించరాని పని.

## మార్గం 5: ఒక్క అంకె కాదు, పరిధి

నిపుణులు 10⁻⁶ నుంచి 10⁻⁴ దాకా చెబుతున్నప్పుడు మధ్యలో ఒకటి ఎంచి 10⁻⁵ రాయడం మామూలు అలవాటు. అంతకంటే రెండు కొసల్నీ అలాగే ఉంచి, నిర్ణయం రెండు చోట్లా ఒకటేనా అని చూడటం మేలు. ఒకటే అయితే వాదన అక్కడితో ఆపండి. వేరైతే మరో నెల లెక్కలు చేసినా ఫలం లేదు, డబ్బు అదనపు రక్షణకు పెట్టండి: ట్యాంకు చుట్టూ డైక్ గోడ, రిమోట్ షటాఫ్ వాల్వ్, నిల్వ తగ్గించడం. పరిధి ఇచ్చే పద్ధతికి ఉన్న ఇబ్బంది ఒక్కటే, అనుమతి ఇచ్చే అధికారి ఒక్క అంకె అడుగుతాడు.

## మార్గం 6: సంభావ్యత లేకుండా

ఫ్రాన్స్ చాలాకాలం దాదాపు పరిణామాల దూరం మీదే నడిచింది. 2001లో తులూజ్ పేలుడు తర్వాత, 2003 చట్టంతో సంభావ్యతను లెక్కలోకి తెచ్చింది. అత్యవసర ప్రణాళికకు నేటికీ ఇదే సరైన మార్గం. కలెక్టరు ఆఫీసుకు కావాల్సింది గ్యాస్ ఎంత దూరం, ఎంతసేపట్లో వస్తుందన్నది. 10⁻⁶ ఎంత చిన్నదో చెప్పి ఎవరినీ ఖాళీ చేయించలేం.

## ఒకచోట చూస్తే

| మార్గం | ఎక్కడ వాడాలి | ఎక్కడ మోసం చేస్తుంది |
|---|---|---|
| లెక్కపెట్టిన ఫ్రీక్వెన్సీ | పరీక్షించే పరికరాలు, లోడింగ్ హోసులు, గాలి దిశ | సున్నా వైఫల్యాలు, మారుతున్న వాతావరణం |
| హ్యాండ్‌బుక్ అంకె | స్థలాలు, లేఅవుట్లు పోల్చడం | నిర్వహణ మంచీచెడూ కనబడదు |
| బేయీషియన్ | ప్రూఫ్ టెస్ట్ వ్యవధి, సిల్ సరిచూడటం | అరుదైన ప్రమాదాలకు డేటాతో సవరించామన్న భ్రమ |
| ఫ్రీక్వెన్సీ మీద అనిశ్చితి | పెద్ద ఫాల్ట్ ట్రీలు (వైఫల్యాలు కలిసి ప్రమాదమయ్యే దారుల చెట్టు బొమ్మ), ఒకే మోడల్ పరికరాలు | పని ఎక్కువ, చదివేవారు తక్కువ |
| పరిధి | నిపుణులు విభేదించినప్పుడు | ఒక్క అంకె కావాలన్న చోట |
| సంభావ్యత లేకుండా | అత్యవసర ప్రణాళిక | ఖర్చుల ప్రాధాన్యం తేల్చలేదు |

## ఎవరికి ఏది

ప్లాంటు మెయింటెనెన్స్ చూసేవారికి మా సలహా ఒక్కటే: మార్గం 3, అది కూడా స్విచ్‌లు, వాల్వులు, డిటెక్టర్లకే. అందుకు కావాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, ప్రూఫ్ టెస్ట్ రిజిస్టరు. పరీక్షకు ముందు తుడిచి, సరిచేసి, ఆ తర్వాత "పాస్" అని రాస్తే వైఫల్యం కనబడకుండా పోతుంది. విప్పినప్పుడు ఎలా ఉందో ముందు రాయాలి, తర్వాతే చేయి వేయాలి.

కన్సల్టెంటు పని భూమి వినియోగానికి సంబంధించినదైతే మార్గం 2 తప్పదు. అప్పుడు ఫ్రీక్వెన్సీ, మోడల్, హద్దు ఒకే చోట నుంచి తీసుకోండి, ఆ పుస్తకం ఊహించని స్థానిక కారణాల్ని (తుఫాను, వరద, పక్క ప్లాంటు మంట) విడి జాబితాగా జతచేయండి. వాటిని అంకెలో కలపలేకపోతే కలపలేదని రాయండి. సిల్ పనికి మార్గం 3, ఒకే మోడల్ పరికరాలు వరుసగా ఉన్నప్పుడు మార్గం 4.

లోపా (రక్షణ పొరల్ని ఒక్కొక్కటిగా లెక్కించే పద్ధతి) షీట్లు పరిశీలించే అధికారికి రెండు తనిఖీలు చాలు. ఒకే ఆపరేటరు రెండు వేర్వేరు రక్షణ పొరల్లో లెక్కకు వచ్చాడేమో చూడండి. ఒక్కో పొరకు 0.1 చొప్పున గుణిస్తారు, మనిషి మాత్రం ఒకడే. తర్వాత ఒకే ప్రమాదాన్ని చిన్న ముక్కలు చేశారేమో చూడండి. 10⁻⁵ ఉన్న పైపు తెగుదలను పది రంధ్రాల సైజులుగా విడదీస్తే ఒక్కోటి 10⁻⁶ అయి రిస్క్ మాట్రిక్స్‌లో (రిస్క్‌ను రంగుల గడుల్లో చూపే పట్టికలో) ఫర్వాలేదనే పచ్చ గడిలో పడుతుంది. పైపు మాత్రం అదే.

ప్లాంటు పక్కన ఉండేవారు రిపోర్టు చేతికొస్తే అంకె చూడకముందే మూడు అడగండి: ఇది జరిగిన ఘటనల లెక్కా, పుస్తకం అంకెనా, నిపుణుడి అంచనానా? మా తీరంలో తుఫాను కారణంగా జరిగేది ఇందులో ఉందా? ఇది సగటా, మధ్యస్థమా, పైహద్దా?

రిపోర్టు రాసేవారు ఈ మూడింటికీ జవాబు ప్రతి అంకె పక్కనే ఒక్క వాక్యంలో పెట్టొచ్చు. ఉదాహరణకు: "ఏడాదికి 0.067, 60 పరికర-సంవత్సరాల ప్లాంటు రికార్డులో జరిగిన 4 వైఫల్యాల లెక్క నుంచి వచ్చిన సగటు. 90 శాతం పరిధి 0.023-0.15; వరద వల్ల ఒకేసారి విఫలం కావడం ఇందులో చేర్చలేదు; తయారీదారు అంకెకు, రికార్డుకు పొంతన కుదరలేదు కాబట్టి ఆ అంకెను పక్కన పెట్టాం, కారణం పరిశీలనలో ఉంది."